పరిశోధనకి అప్పగించిన నా ముక్కు: 5కి 4

హోటళ్ళకి, మిక్సీలకి రివ్యూలు రాసే అలవాటు నాకుంది. న్యూజెర్సీ ఓక్ ట్రీ రోడ్డులో ఏ కొట్లో గోంగూర లేతగా దొరుకుతుందో అడిగితే అరగంట మాట్లాడగలను. ఆసుపత్రి వాళ్ళ పరిశోధనకి రివ్యూ రాస్తానని మాత్రం అనుకోలేదు. చేరే ముందు ఇలాంటి అనుభవం కోసం తెలుగులో వెతికితే నాకు ఒక్కటీ కనబడలేదు. ముక్కు ఆపరేషన్‌కి ఎంతవుతుందో, ఈఎంఐ ఎన్ని నెలలో చెప్పేవి బోలెడు కనబడ్డాయి. అందుకే రాస్తున్నా.

మాది ఖమ్మం. పెళ్ళయ్యాక న్యూజెర్సీ వచ్చి ఎడిసన్‌లో ఉంటున్నాం. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వయసు 33. నా ముక్కు దూలం మధ్యలో ఎడమకి వంగి ఉంటుంది. ఇది నా మాట. మా ఆయన, అమ్మ, చెల్లి, ఖమ్మంలో ఒకరు ఇక్కడ ఒకరు ఈఎన్‌టీ డాక్టర్లు, అందరూ చూసి "ఎక్కడ?" అన్నవాళ్ళే. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక పెళ్ళిలో గ్రూప్ ఫొటో తీస్తుంటే మేనత్త "ఇటు తిరుగమ్మా, అటునుంచి నీ ముక్కు బాగా పడదు" అంది. ఆవిడకి ఆ మాట గుర్తు కూడా లేదు. నా మొహానికి మాత్రం ఆ రోజు నుంచి మంచి వైపు, చెడ్డ వైపు అని రెండు వైపులు ఏర్పడ్డాయి.

తర్వాత సంగతులు అన్నీ చెప్పను, సిగ్గుగా ఉంటుంది. కొన్ని చెబుతా. మైక్రోవేవ్ తలుపు, లిఫ్టులో స్టీలు గోడ, పక్కన ఆగిన కారు అద్దం, ఆరిపోయిన ఫోను తెర, ఏది మెరిస్తే అందులో చూసుకోవడం. ఫోన్ టార్చి వేసుకుని బాత్రూమ్ అద్దానికి మూడంగుళాల దూరంలో నిలబడడం. స్కేలు అడ్డం పెట్టి ఫొటో తీసుకుని నిన్నటి ఫొటోతో పోల్చడం. ఫోన్లో ముక్కుకంటూ విడిగా ఒక ఫోల్డరు, అందులో నాలుగు వేల పైచిలుకు ఫొటోలు. రైల్లో ఎప్పుడూ కుడి వైపు జనం ఉండేలా కూర్చోవడం. 2020లో మీటింగులన్నీ వీడియోలోకి వచ్చాక నా పని అయిపోయింది. రోజుకి ఆరు గంటలు నా మొహం నా ఎదురుగానే. బగ్గు గురించి మేనేజర్ అడిగితే రెండుసార్లు "సారీ, మళ్ళీ చెప్పండి" అన్నాను. ఆ టైములో నేను చూస్తున్నది నా పెట్టెలో నా ముక్కుని.

ఇక మా ఆయన్ని రోజుకి ఎన్నిసార్లు "వంకరగా ఉందా?" అని అడిగేదాన్నో లెక్కలేదు. "లేదు, బాగుంది" అంటాడు. అయిదు నిమిషాలు ప్రాణం కుదుటపడుతుంది. ఆరో నిమిషంలో, చూడకుండానే అన్నాడేమో అని అనుమానం.

మన్‌హటన్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ప్రకటన రైల్లో చూశాను. రూపం గురించిన ఆలోచనలతో రోజూ సతమతమయ్యేవాళ్ళకి మాటల చికిత్స మీద పరిశోధన, ఖర్చు లేదు అని. ఆసుపత్రి పేరు రాయను. చివర్లో ఒకటి రెండు ఫిర్యాదులున్నాయి, పైగా ఈ వివరాలన్నిటి పక్కన పేరు కూడా చేరిస్తే నేనెవరో వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ప్రకటన కింద ఎన్‌సీటీ అని, దాని పక్కన 8 అంకెలు ఉన్నాయి. అది పరిశోధన నమోదు నంబరు. ఇంటికొచ్చి అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రీ క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో ఆ నంబరు కొట్టాను. ఎవరు చేస్తున్నారు, ఎందరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, ఏం కొలుస్తారు, అన్నీ ఉన్నాయి. ఆ నంబరు లేని ప్రకటనైతే నేను ఫోన్ చేసేదాన్ని కాదు. ఇండియాలో కూడా 2007 నుంచి సీటీఆర్‌ఐ అని ఇలాంటి రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

మొదటి ఫోన్ కాల్‌కే నా వైపు నుంచి 5కి 5. పటేల్ వాళ్ళ కొట్టు ముందు కారులో కూర్చుని మాట్లాడా. పెరుగు డబ్బా వెనక సీట్లో వేడెక్కుతోంది. అవతల అమ్మాయి గొంతు కాలేజీ పిల్లలా ఉంది. నేను ముక్కు కథ మొదలుపెట్టాను. మధ్యలో ఆపలేదు, "అయ్యో" అనలేదు, "మీరు బాగానే ఉంటారండీ" అని కూడా అనలేదు. అంతా విని అడిగింది: "గత వారం రోజుల్లో, సగటున రోజుకి ఎన్ని గంటలు ఈ ఆలోచనలో గడిచాయి?"

పద్దెనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ ముక్కు ఎలా ఉందో చెప్పినవాళ్ళే. ఎంతసేపు అని అడిగినవాళ్ళు లేరు. అక్కడే వేళ్ళు మడిచి లెక్కేశాను. పొద్దున అద్దం దగ్గర 40 నిమిషాలు, మీటింగుల్లో కనీసం రెండు గంటలు, రాత్రి ఫొటోలు గంట, మిగతావి చిల్లర. అయిదు గంటలకి తగ్గలేదు. ఆ అంకె నోటితో చెప్పాక కాసేపు మాట రాలేదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చాయా అని కూడా సూటిగానే అడిగింది. ఈ జబ్బులో అది మామూలుగా అడగాల్సిన ప్రశ్నేనని తర్వాత తెలిసింది. (అలాంటి ఆలోచన ఉంటే పరిశోధన ఖాళీ కోసం ఆగొద్దు. అమెరికాలో 988కి, ఇండియాలో టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. రెండోదాంట్లో తెలుగులో మాట్లాడొచ్చు.)

జబ్బు పేరు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్, పొట్టిగా బీడీడీ. ఇన్‌స్టాగ్రామ్ తెచ్చిన రోగం అనుకున్నాను. 1891లోనే ఎన్రికో మోర్సెల్లి అనే ఇటలీ డాక్టరు దీన్ని వర్ణించి పేరు పెట్టాడట. వందమందిలో ఇద్దరి దాకా ఉంటుంది, ఎక్కువగా టీనేజీలో మొదలవుతుంది, చర్మం, జుట్టు, ముక్కు, ఈ మూడింటి మీదే ఎక్కువమంది ధ్యాస. 2013 నుంచి అమెరికా వైద్యులు దీన్ని ఓసీడీ కుటుంబంలో లెక్కేస్తున్నారు. తాళం వేశానా అని పదిసార్లు చూసుకునేవాళ్ళకీ నాకూ చుట్టరికం ఉందన్నమాట.

సమ్మతి పత్రం 14 పేజీలు. పరిశోధన పనులు చూసే కోఆర్డినేటర్ పక్కన కూర్చుని గంటన్నర చదివించింది. ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించుకోమంది కూడా. ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశా. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. మొదటి మాటే, "మన జిల్లాలో ఆడపిల్లల టీకాల గొడవ మర్చిపోయావా?"

మర్చిపోలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా మీద అధ్యయనం జరిగింది. చాలామంది ఆశ్రమ హాస్టళ్ళ గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. జరిగిన మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారన్న సంగతి పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్ళింది. మా నాన్న పనిచేసిన బడి పక్కనే అలాంటి హాస్టలు ఉండేది. ఆయనకి పరిశోధన అంటే ఆ సంతకాలే.

అందుకని 14 పేజీలూ ఫోన్లో తెలుగు చేసి చదివాను. రెండు రాత్రులు పట్టింది. ఆయన ప్రశ్నలు నాకంటే పదునుగా ఉన్నాయి. "మధ్యలో మానేస్తానంటే ఊరుకుంటారా?" ఊరుకుంటారు, కారణం కూడా చెప్పక్కర్లేదు. "నీ పేరు ఎవరికి తెలుస్తుంది?" పేరు బదులు నంబరు ఉంటుంది, అయితే ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం చెప్పాల్సినవాళ్ళకి చెబుతారని రాసి ఉంది. "మందేమైనా ఇస్తారా?" లేదు, మాటలే. "మాటలకి పన్నెండు వారాలా! నీకు మేలు జరుగుతుందని రాశారా?" రాయలేదు నాన్నా, జరగకపోవచ్చు అని రాశారు. ఆయన కాసేపు ఆగి "అయితే నిజాయితీపరులే, సంతకం పెట్టు" అన్నారు.

ఇప్పుడు కోపం వచ్చిన సంగతి. ఇందులో చేరినవాళ్ళని కంప్యూటర్ రెండు గుంపులు చేస్తుంది. ఒక గుంపుకి వెంటనే చికిత్స. ఇంకో గుంపు 12 వారాలు ఆగాలి, తర్వాత అదే చికిత్స. బొమ్మా బొరుసూ లాంటిది, డాక్టరు చేతిలో కూడా ఉండదు. నాకు ఆగే గుంపు వచ్చింది. పత్రంలో చదివాను, నాన్నకి తెలుగులో కూడా చెప్పాను, అయినా కడుపు మండింది. సాయం కావాలని వచ్చినదాన్ని మూడు నెలలు ఊరికే కూర్చోబెడతారా? పోస్టాఫీసులో టోకెన్ ఇచ్చి కిటికీ మూసేసినట్టు. మధ్యలో ఎక్కువైతే బయట చికిత్స తీసుకోవచ్చు, పరిశోధనకంటే మీరే ముఖ్యం అని కోఆర్డినేటర్ చెప్పింది. నెలకోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నానో కనుక్కుంది. అయినా ఆ మూడు నెలలు బాగా గడవలేదు.

మొదట్లో నా స్కోరు 31. ఇది 12 ప్రశ్నల కొలత, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 48. ఫోన్లో విన్న గంటల ప్రశ్న అందులో మొదటిదే. 12 వారాలు ఆగాక మళ్ళీ కొలిస్తే 30. ఆ 30 చూశాకే నాకు వాళ్ళ లెక్క అర్థమైంది. కాలంతో అదే పోతుందిలే అని అమ్మ ఎప్పుడూ అనేది. పోలేదు, ఒక్క పాయింటు కదిలింది. ఆ సంగతి తెలియాలంటే నాలాంటివాళ్ళు కొందరు ఆగి చూపించాలి. కోపం పూర్తిగా పోలేదు గానీ సగమైంది.

కొలిచే ఆవిడ వేరు, చికిత్స చేసే ఆవిడ వేరు. కొలిచే ఆవిడకి నేను ఏ గుంపో తెలియకూడదు. ప్రతిసారీ మొదట్లోనే "దయచేసి నాకు చెప్పకండి" అంటుంది. నేనేమో మన అలవాటు కొద్దీ "ఇంకా మొదలే కాలేదండీ" అనబోయి నాలుక కరుచుకున్నా. కోఆర్డినేటర్ తలుపు దగ్గర నుంచి కళ్ళు పెద్దవి చేసింది.

ఇందులో మెదడు స్కాన్ (ఎంఆర్‌ఐ) కూడా ఉంది. అది తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. ఎందుకు ఒప్పుకున్నానంటే, 2007లో లాస్ ఏంజెలెస్‌లో చేసిన ఒక చిన్న అధ్యయనం గురించి చెప్పారు. బీడీడీ ఉన్నవాళ్ళకి స్కానర్‌లో వేరేవాళ్ళ మొహాలు చూపించారట. కొన్ని మామూలువి, కొన్ని పెన్సిల్ గీతల్లా అంచులు మాత్రమే ఉన్నవి, కొన్ని మసకవి. మసక మొహం చూస్తున్నప్పుడు కూడా వీళ్ళ మెదడు వివరాల కోసం తవ్వుతున్నట్టు కనబడింది. నాకు ఒళ్ళు జలదరించింది. మొత్తం మొహం వదిలేసి ముక్కు దూలంలో అర మిల్లీమీటరు వెతకడం నా మొండితనం అనుకునేదాన్ని.

స్కాన్ అంటే ఒంటి మీద లోహం ఉండకూడదు. బంగారం అయినా తీయాల్సిందే. ముందు రోజు అమ్మకి చెబితే "మంగళసూత్రం తీస్తే మెడ బోసిగా ఉండకూడదు, పసుపు కొమ్ము కట్టిన తాడు వేసుకో" అంది. ఎడిసన్‌లో పసుపు కొమ్ము పెద్ద సంగతి కాదు, వేసుకున్నాను. మెట్టెలు సబ్బు రాస్తే వచ్చేశాయి. మిగిలింది ముక్కుపుడక. ఎడమ వైపు, వంకర ఉందని నేననుకునే చోటికి కింద, తెల్లరాయి. చూసేవాళ్ళ కన్ను రాయి మీద ఆగి పైకి పోకూడదని పెళ్ళికి ముందు నేనే కావాలని కుట్టించుకున్నా. పదేళ్ళలో ఒక్కసారి తీయలేదు. లాకర్ గదిలో మర తిప్పితే తిరగలేదు. కోఆర్డినేటర్ చేతి తొడుగులు వేసుకుని, నా గడ్డం కింద ఒక చెయ్యి పెట్టి, ఒక్కో చుట్టూ తిప్పుతూ తీసింది. అంటే ఒక మనిషి నా ముక్కుని అరచేతి దూరం నుంచి, ట్యూబులైటు వెలుగులో, చెడ్డ వైపు నుంచి, మూడు నిమిషాలు చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ పుడకని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత పెట్టి, నా నంబరు రాసి, "వెనక మర కూడా ఇందులోనే ఉంది, పోదు" అంది. అంతే. ఆవిడ బెంగ అంతా ఆ మర పోతుందేమోనని.

స్కాన్ గురించి అంతకుమించి ఏం లేదు. 50 నిమిషాలు, పెద్ద చప్పుడు, చలి. దుప్పటి అడిగితే ఇస్తారు, అడగండి.

అసలు చికిత్స వారానికొకసారి, గంట చొప్పున 12 సార్లు. థెరపిస్టు యాభై ఏళ్ళావిడ. మొదటి రోజే సూటిగా అడిగాను, నా ముక్కు వంకరగా ఉందా లేదా చెప్పండి అని. "ఆ ప్రశ్నకి మీకు ఇప్పటిదాకా ఎన్ని జవాబులు వచ్చాయి?" అంది. వేలల్లో. "వాటిలో ఏదైనా ఒక రోజు పనిచేసిందా?" లేదు. "అయితే నా జవాబు మాత్రం ఎందుకు పనిచేస్తుంది?" అంది. చెప్పలేదు. పన్నెండు వారాల్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. మొదట ఒళ్ళు మండింది. ఇప్పుడు ఈ మొత్తం వ్యవహారంలో దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

మా ఆయన్ని కూడా ఒకరోజు పిలిచి జవాబు చెప్పొద్దన్నారు. ఆయన దాన్ని మరీ శ్రద్ధగా పట్టుకున్నాడు. "వంకరగా ఉందా?" అంటే "ఆ ప్రశ్న మా డిపార్ట్‌మెంటు కాదు" అనేవాడు. రెండుసార్లు కొట్టబోయాను. మూడో వారానికి నాకే నవ్వొచ్చి అడగడం తగ్గింది.

అద్దం దగ్గర జరిగింది కాస్త వివరంగా చెప్పాలి. ఇంట్లో అద్దాలకి గుడ్డలు కప్పేయమంటారనుకున్నా. తప్పించుకోవడం కూడా జబ్బులో భాగమేనట. నిలువుటద్దం ముందు రెండు మూడడుగుల దూరంలో నిలబెట్టి, తల నుంచి పాదాల దాకా, ఎవరో కళ్ళులేని మనిషికి చెబుతున్నట్టు వర్ణించమంది. షరతు ఒక్కటే, మంచీ చెడూ మాటలు వాడకూడదు. ఇంగ్లీషులో బాగానే నెట్టుకొచ్చా. నల్ల జుట్టు, భుజాల దాకా. నుదురు రెండంగుళాలు. ఆవిడ ఆపి, "మీరు మనసులో ఏ భాషలో తిట్టుకుంటారు?" అంది. తెలుగులో. "అయితే తెలుగులో చెప్పండి, నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు."

అప్పుడు తెలిసింది కష్టం. ముక్కు దగ్గరకి వచ్చేసరికి నా నోటికి ఒక్క మామూలు మాట దొరకలేదు. చట్టి ముక్కు, చప్పిడి ముక్కు, చిలక ముక్కు, కోటేరు ముక్కు, సంపెంగ మొగ్గ లాంటి ముక్కు. ముక్కు మీద పద్యం చెప్పి దాంతోనే పేరు తెచ్చుకున్న కవి ఉన్న భాష మనది. తెలుగులో ముక్కు అంటే పొగడాలి, లేదా వెక్కిరించాలి. మేనత్త మాటలు, పెళ్ళిచూపుల మాటలు, అన్నీ అందులోనే ఉన్నాయి. అయిదు నిమిషాలు అలా నిలబడి, చివరికి "ముక్కు. కళ్ళ మధ్య మొదలై పెదవి పైన ఆగింది. రెండు రంధ్రాలు. ఎడమ వైపు తెల్లరాయి" అన్నాను. ఆవిడ "ఇప్పుడు గడ్డం" అంది. ముక్కు దగ్గర అంత తక్కువసేపు ఆగడం అదే మొదటిసారి.

ఇంటిపని కూడా ఉంటుంది. నాది రైల్లో. ఎడిసన్ నుంచి మన్‌హటన్ పెన్ స్టేషన్‌కి గంట లోపే. చెడ్డ వైపు జనం ఉండేలా కూర్చోవాలి, చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు, ముందే అంచనా రాయాలి. "పక్కనున్నవాళ్ళు తేరిపార చూస్తారు, లేచి వేరే సీటుకి పోతారు, నమ్మకం 90 శాతం" అని రాశా. మెట్రోపార్క్‌లో ఎక్కిన ఒక పెద్దాయన నా ఎడమ పక్క కూర్చుని, రావే వచ్చేలోపు నిద్రపోయి, సెకాకస్ దాకా నోరు తెరుచుకుని గురక పెట్టాడు. కాగితం మీద "జరిగింది" అన్న గడిలో అదే రాశాను. మీటింగుల్లో నా పెట్టె నాకు కనబడకుండా దాచే మీట ఒకటి ఉంటుందని కూడా ఈ చికిత్సలోనే తెలిసింది. టెస్టింగ్ నా ఉద్యోగం, చూడండి మరి.

ఆపరేషన్ సంగతి ఒక్క ముక్క. అయిదేళ్ళ క్రితం హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఒక క్లినిక్‌లో పది నిమిషాలు చూసి "చేసేద్దాం మేడమ్, డిస్కౌంట్ ఉంది" అన్నారు. అడ్వాన్సు కట్టి, భయమేసి వచ్చేశా, ఆ డబ్బు తిరిగి రాలేదు. బీడీడీ ఉన్నవాళ్ళకి అందం ఆపరేషన్లతో ఆ బెంగ తగ్గడం అరుదని, ఒకటి చేయించాక ధ్యాస ఇంకోచోటికి మళ్ళొచ్చని ఇక్కడ చెప్పారు. ఆ అడ్వాన్సు పోవడమే లాభం.

ఒక స్టార్ ఎందుకు తీశానో ఇప్పుడు. అపాయింట్‌మెంట్లన్నీ పనిదినాల్లో పగలే. కొలతల రోజులకి డబ్బిస్తారు, చికిత్స రోజులకి ఇవ్వరు, రైలు ఖర్చు మనదే. (వీసా మీద ఉన్నవాళ్ళు పన్ను, వీసా సంగతులు ముందే మీ లెక్కలు చూసేవాళ్ళని, లాయర్ని అడిగి ఉంచుకోండి, నాకు ఫారాలు నింపడానికే ఒక పూట పట్టింది.) అవే ప్రశ్నాపత్రాలు మళ్ళీ మళ్ళీ, నాలుగోసారికి కళ్ళు తిరుగుతాయి. తెలుగు లేదు, ఇంగ్లీషు సరిగ్గా రాని మా అత్తగారి వయసువాళ్ళకి ఇందులో చోటే లేదు. పుడక తీసిన కోఆర్డినేటర్ పై చదువుకి వెళ్ళిపోయింది, కొత్తగా వచ్చిన అబ్బాయి నా పేరు సగమే పలికేవాడు. ఇవన్నీ చిన్నవి. పెద్దది ఒకటే. 12 వారాలు అవగానే అయిపోయింది. ఆఖరి రోజు థెరపిస్టుల పేర్లున్న కాగితం చేతిలో పెట్టారు. అయిదుగురికి ఫోన్ చేస్తే ముగ్గురు మా బీమా తీసుకోరు, ఒకరికి ఖాళీ లేదు, ఒకరు తిరిగి చేయలేదు. బీమా లేకుండా ఈ ఊళ్ళో చాలాచోట్ల సెషన్‌కి 200 డాలర్ల పైమాటే. అంత జాగ్రత్తగా కొలిచినవాళ్ళు తలుపు బయటికి వచ్చాక మనిషి ఏమవుతుందో కూడా అంతే జాగ్రత్తగా చూసుకోవాలి కదా.

ఇండియాలో ఉన్నవాళ్ళు అడగొచ్చు, మాకేది అని. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఓసీడీ క్లినిక్ ఉంది, బీడీడీ ఆ కుటుంబమే. ఊళ్ళో సైకియాట్రిస్టు దగ్గరకి వెళ్ళినా ముక్కు గురించి మొదలుపెట్టకండి, గంటల గురించి మొదలుపెట్టండి. మాటల చికిత్స కాక మందులు కూడా పనిచేస్తాయి, ఓసీడీకి ఇచ్చేలాంటివే, వాటి సంగతి డాక్టరు చెప్పాలి.

చికిత్స ముగిసేసరికి నా స్కోరు 15. ముప్ఫై శాతం తగ్గితే పనిచేసినట్టు లెక్క అన్నారు, నాది సగమైంది. ఫోల్డరు తీసేశాను. మైక్రోవేవ్ తలుపు ఇప్పటికీ పిలుస్తుంది. పెరుగన్నం తినే రోజుల్లో బాధ లేదు.

ఆరు నెలల తర్వాతి ఫాలో-అప్ కాల్ వచ్చేసరికి నేను ఖమ్మంలో ఉన్నా, అదే మేనత్త కూతురి పెళ్ళికి. కల్యాణ మండపం వెనక, వంటవాళ్ళు గాడిపొయ్యి మీద పులిహోర అన్నం దించుతున్న చోట నిలబడి మాట్లాడాను. సగం పేరు అబ్బాయే. గత వారం సగటున రోజుకి ఎన్ని గంటలు? గంట లోపే అన్నాను. అతను "ఖచ్చితంగానా?" అని అడిగాడు. నిన్న ఎక్కువైందని ఒప్పుకున్నా. నిన్న ఫొటోగ్రాఫర్ "మేడమ్, మీరు కొంచెం అటు తిరగండి" అన్నాడు. అటు అంటే చెడ్డ వైపు. అత్త పక్కనే ఉంది, ఏమీ అనలేదు. తిరిగాను. రాత్రి ఆ ఫొటో పంపమని అడిగి, వచ్చాక గంటన్నర చూశాను. "అంటే నిన్న గంటన్నర, మిగతా రోజులు గంట లోపు" అని అతను రాసుకున్నాడు. స్కోరు 14.

ఆ కాల్‌కి ఇచ్చిన 25 డాలర్ల గిఫ్ట్ కార్డు ఈమెయిల్లో వచ్చింది. ఇండియాలో పనిచేయదు.